మా ఆయన అరగదీసిన రాయి

మా ఆయన ఏం పని చేస్తారని ఎవరైనా అడిగితే పెళ్ళైన కొత్తలో నేను మాట మార్చేసేదాన్ని. ఏమని చెప్పను? మా చెల్లెలి మొగుడు బస్సు నడుపుతాడు. పక్కింటాయన కుళాయిలు బిగిస్తాడు. మా ఆయన రాళ్ళు అరగదీస్తారు. దేనికయ్యా అంటే, రాయిలోంచి వెలుతురు కనపడటానికి. అలా చెప్పగానే ఎదుటివాళ్ళు నవ్వేవారు, నాకు ఒళ్ళు మండేది, నాలుగు మాటలు అనేసి వచ్చేదాన్ని. నా నోరు మంచిది కాదని ముందే ఒప్పేసుకుంటున్నాను. ఈ కథంతా ఆ నోటి వల్లే జరిగింది.

ఆయన మొదట నేల పాలిష్ పట్టే మనిషి. ఇరవై ఐదేళ్ళ వయసులో, కొత్తగా కడుతున్న కాలేజీ నడవాలో మిషను పట్టడానికి వెళ్ళారు. రాళ్ళ శాస్త్రం చెప్పే పెద్దాయన ఒకరు అటుగా వెళ్తుంటే, ఈయన మోకాళ్ళ మీద కూర్చుని, నేల మీద బొటనవేలు రాస్తూ "ఈ పలక కొంచెం పల్లంగా ఉంది" అని తనలో తను గొణుక్కుంటున్నారట. పెద్దాయన చూపుకు ఏ పల్లమూ ఆనలేదు. నమ్మకుండా ఇనప స్కేలు తెప్పించి నిలబెట్టి, కింద కాగితం దూర్చి చూశాడు. కాగితం దూరింది. మర్నాడే ఈయన్ని పిలిచి, కాలేజీ వెనకవైపు రేకుల షెడ్డులో ఉద్యోగం ఇచ్చాడు. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ షెడ్డే ఆయనకు లోకం.

పెళ్ళైన నాలుగో నెలలో, చూస్తే గానీ నమ్మనని మొండికేసి నేనూ వెళ్ళాను. రెండు నీళ్ళ తొట్లు, ఒక రంపం మిషను, కిటికీ పక్కన బల్ల మీద దుప్పటి కప్పిన మైక్రోస్కోపు, గోడవారన జాడీల్లో నల్లపొడి. రంపం బిళ్ళ అంచుకు వజ్రపు రజను ఉంటుందన్నారు. వజ్రం అనగానే నేను వంగి చూశాను. "ఉంగరానికి పనికిరాదులే" అని నవ్వారు.

పని ఇలా ఉంటుంది. రాయిని ముందు బిస్కెట్టంత మందాన కోస్తారు. ఒక ముఖం నున్నగా చేసి గాజు పలకకు జిగురుతో అంటిస్తారు. అది గట్టిపడ్డాక, పైన మిగిలిన రాయి కోసేసి, గాజుకు అంటుకున్న బిళ్ళను తడి నల్లపొడి మీద బోర్లించి వేళ్ళతో తిప్పుతారు. ఎనిమిది అంకె దిద్దినట్టు తిప్పాలి, లేకపోతే ఒక పక్కే అరుగుతుంది. ముందు గరుకు పొడి, తర్వాత మెత్తటిది, ఆఖర్న ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తనిది. అలా అరిగి అరిగి రాయి వెంట్రుకలో సగం మందానికి వచ్చేస్తుంది. కింద పేపరు పెడితే అక్షరాలు చదవొచ్చు. అక్కడ ఆగిపోవాలి. ఇంకో ఇరవై చుట్లు తిప్పారా, రాయి ఉండదు, గాజే మిగులుతుంది.

ఎక్కడ ఆగాలన్నదే ఈ పనిలో కిటుకంతా. నేర్చుకునేవాళ్ళు పది చుట్లకోసారి ఆపి, కడిగి, మైక్రోస్కోపు కింద పెట్టి చూసుకుంటారు. మా ఆయన చూసుకునేవారు కాదు. వేలి కింద బరక తగ్గి జారుడు మొదలవడం ఆయనకు తెలిసిపోయేది. ఏ మూల ఎక్కువ అరిగిందో, ఏ మూల తక్కువ అరిగిందో కళ్ళు మూసుకుని చెప్పేవారు. ఒక్కసారి కూడా లేవకుండా పని ముగించి, ఆఖర్న లేచి చూస్తే సరిగ్గా సరిపోయేది. వేరే ఊళ్ళ కాలేజీల నుంచి కూడా మనుషులు వచ్చి ఈ వింత చూసి పోయేవారు. ఇంటికొచ్చి మాత్రం తన చొక్కాకు ఊడిన గుండీ ఎక్కడుందో తెలిసేది కాదు మహానుభావుడికి.

నేను బడిపిల్లల యూనిఫారాలు కుడతాను. సాయంత్రం ఆయన వచ్చి నా మిషను పక్కన చాప మీద కూర్చుని, నేను కత్తిరించిన గుడ్డకు పెట్టిన గుండుసూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేస్తూ, ఆ రోజు రాయి గురించి చెప్పేవారు. మాకు పిల్లల్లేరు. వినేదాన్ని నేనొక్కదాన్నే.

"మొదట్లో అన్నీ ఒంటరి కణాలేనే" అని మొదలుపెట్టేవారు. "చుట్టూ ఒక పొర, లోపల సామానంతా ఒకే చోట పోసిన సంచి. తినడం, పెరగడం, రెండుగా చీలడం. అంతే పని."

"ఎన్నాళ్ళు?"

"నూట యాభై, రెండు వందల కోట్ల ఏళ్ళు."

"అన్నేళ్ళూ అదే పనా? మీ తమ్ముడే నయం, కనీసం ఇల్లయినా మారాడు."

ఆయనకు కోపం రాదు. ఎర్రచారల రాయి ఒకటి జేబులోంచి తీసి నా ముందు పెట్టేవారు. "వాటిల్లో కొన్ని ఎండతో తిండి వండుకోవడం నేర్చాయి. అవి వదిలిన గాలే ఇప్పుడు మనం పీల్చేది. అప్పటికి మాత్రం మిగతావాటికి అది విషం. కొన్ని చచ్చాయి, కొన్ని బురదలోకి పారిపోయాయి. సముద్రంలో ఉన్న ఇనుమంతా తుప్పు పట్టి అడుక్కి దిగింది. ఈ ఎరుపు ఆ తుప్పే. తొట్టిలో పాచి పట్టిందని రోజూ తిట్టుకుంటూ రుద్దుతావే, దాని ముత్తాతలు చేసిన పని ఇది."

ఇంకో రోజు, ఒక కణం ఇంకో కణాన్ని మింగిన సంగతి చెప్పారు. మింగింది గానీ అరిగించుకోలేకపోయిందట.

"అజీర్తి చేసిందా?"

"వినవే బాబూ. లోపలిది చావలేదు. బయటిది తిండి పెట్టింది, లోపలిది బలం ఇచ్చింది. ఉండగా ఉండగా ఒకదాన్ని వదిలి ఒకటి బతకలేని స్థితి వచ్చింది. నీ ఒంట్లో, నా ఒంట్లో ఇప్పటికీ ఆ లోపలి చుట్టాలున్నారు. నువ్వు మిషను తొక్కే బలం వాళ్ళిచ్చేదే."

"అయితే వాళ్ళనే వచ్చి తొక్కమనండి. నా మోకాళ్ళు పట్టేశాయి."

నవ్వేవారు. నవ్వి, అన్నిటికన్నా తనకు ఇష్టమైన చోటికి వచ్చేవారు. సంచిలాంటి ఆ కణం ఎప్పుడో ఒకప్పుడు లోపల చిన్న గది కట్టుకుంది. తన వంశం గుట్టంతా ఆ గదిలో దాచుకుంది. ఆ గది ఉన్న కణాలే చాలా కాలానికి ఒకదాన్నొకటి పట్టుకుని, పనులు పంచుకుని, ఒళ్ళయ్యాయి. నాచు, పురుగు, చేప, చెట్టు, మనం, అన్నీ ఆ గది ఉన్నవాళ్ళ సంతానమే. ఆ గది మొదట ఎప్పుడు కట్టుకుందో ఎవరికీ కచ్చితంగా తెలియదు, ఎక్కడో ఏ రాయిలోనో ఉండాలి, అనేవారు. చెబుతున్నంతసేపూ ఆ మొహం చూడాలి. పెళ్ళిచూపుల్లో నన్ను చూసినప్పుడు కూడా అంత వెలుగు లేదు.

మేడమ్ వచ్చాక ఈ పిచ్చి ఇంకా ముదిరింది. కాలేజీలో రాళ్ళ శాస్త్రం చెప్పడానికి వచ్చిన ఆవిడ, నాకంటే పదిహేనేళ్ళు చిన్న. సన్నగా, పెద్ద కళ్ళద్దాలతో, కూరగాయల సంచిలో రాళ్ళు వేసుకుని తిరిగేది. ఆయన్ని "మేస్త్రి గారూ" అనేది, టీ తనే కలిపి ఇచ్చేది. మొదట్లో నాకు అనుమానం కూడా వచ్చింది, అబద్ధం ఎందుకు. ఇద్దరూ గంటలకొద్దీ మాట్లాడుకునేది పాచి గురించేనని తెలిశాక కుదుటపడ్డాను.

ఆవిడ పదకొండేళ్ళు వెతికింది ఆ చిన్న గది కోసం. ఒక పాత గనిలో లోతుగా బోరు వేసి తీసిన రాతి కడ్డీ ఒకటి ఆవిడ చేతికి వచ్చింది. నూట తొంభై కోట్ల ఏళ్ళ నాటి చెకుముకి రాయి అట. గని మూసేశారు, బోరు నీళ్ళతో నిండిపోయింది. ఆ కడ్డీలో సన్నటి నల్లచార ఒక్కచోటే ఉంది. దాన్ని అడ్డంగా కోసి అరగదీసిన రోజు, మా ఆయన చేతులు కూడా కడుక్కోకుండా, మోచేతుల దాకా బురదతో ఇంటికి వచ్చి గడప మీద కూర్చుండిపోయారు. నేను గుండె నొప్పేమోనని హడలిపోయాను.

"గది కనపడిందే" అన్నారు. "గుండ్రటి కణం. లోపల ఇంకో గుండ్రటిది. పక్కన ఇంకోటి, అదీ అలాగే. అందరికన్నా ముందు చూసింది నేనే. మేడమ్‌ని పిలవడానికి ముందు కాసేపు ఒక్కణ్ణే చూస్తూ కూర్చున్నాను."

నాకు ఏడుపొచ్చింది. ఎందుకొచ్చిందో తెలియదు. మేడమ్ ఆ వారమే మా ఇంటికి వచ్చి, "అక్కా, ఇది అచ్చయినప్పుడు నా పేరు పక్కన మేస్త్రి గారి పేరు ఉంటుంది" అని చెప్పి వెళ్ళింది. ఇక నన్ను పట్టేదెవరు? కూరగాయల కొట్లో, దారాల కొట్లో, బడి గేటు దగ్గర చాటింపు వేసేశాను. రాళ్ళు అరగదీస్తాడా అని నవ్విన ప్రతి మనిషినీ వెతికి పట్టుకుని మరీ చెప్పాను. పక్కింటావిడ నన్ను చూసి తలుపు వేసుకునే దాకా వచ్చింది.

మేడమ్ రాసి పంపిన కాగితాలను ఆ శాస్త్రం పత్రిక అచ్చువేసేవాళ్ళు ఏడాది పాటు నానబెట్టి, ముగ్గురు పెద్దలకు చూపించి జవాబు రాశారు. ముగ్గురిలో ఇద్దరు నమ్మలేదు. గుండ్రంలో చుక్క ఉన్నంత మాత్రాన గది అనలేమన్నారు. బుడగలో చెత్త పడినా అలాగే కనపడుతుందట. నారింజకాయను అడ్డంగా కోసినా నిలువుగా కోసినా గుండ్రంగానే ఉంటుంది కదా, అలా అదే చారను నిలువుగా కోసి కూడా చూపించమన్నారు. నల్లచార ఉన్న ముక్క ఇక బఠాణీ గింజంతే మిగిలింది. కోసేటప్పుడు రంపం మందాన రాయి రంపమే తినేస్తుంది. కాబట్టి ఒక్క పొర వస్తుంది. రెండోదానికి చోటు లేదు.

ఈ ఏడాదిలో ఇంట్లో ఇంకోటి జరిగింది. ఒక సాయంత్రం తెల్ల చొక్కా గుడ్డల మీద ఎర్రటి చుక్కలు కనపడ్డాయి. చూస్తే ఆయన కుడి చూపుడువేలిలో గుండుసూది నిలువుగా దిగి ఉంది. ఆయన మాత్రం కబుర్లు చెబుతూ మిగతా సూదులు ఏరుతున్నారు.

"ఏమండీ! వేలు!"

ఆయన వేలు వంక చూసుకున్నారు. ఎవరి వేలో చూస్తున్నట్టు చూశారు. ముప్పై ఏళ్ళు చన్నీళ్ళలో చేతులు నానడం, మిషను అదురు ఒంట్లోకి ఎక్కడం, వీటివల్ల చలికాలంలో వేళ్ళ కొనలు తెల్లబడి మొద్దుబారుతున్నాయట. ముందు ఉదయం పూటే ఉండేది, ఇప్పుడు రోజంతా ఉంటోందన్నారు. నాకు చెబితే గోల చేస్తానని చెప్పలేదట. చేశాను కూడా.

అచ్చువాళ్ళ జవాబు వచ్చిన రోజు ఆయన అన్నం ముందు కూర్చుని చాలాసేపు కలుపుతూ ఉండిపోయారు. చివరికి అన్నారు: "రేపు మేడమ్‌కి చెప్పేస్తాను. నా వేళ్ళు బాగాలేవు. పెద్ద ఊళ్ళో ఒక మిషను ఉందట, రాయిని అదే పట్టుకుని, కావలసిన మందానికి రాగానే ఆగిపోతుందట. దానికి పంపమంటాను. వరస వచ్చేసరికి ఏడాదో రెండేళ్ళో పడుతుంది. పడనీ."

అప్పుడు నేను నోరు మూసుకుని ఉండాల్సింది.

"బాగుంది వరస! ముప్పై ఏళ్ళు మీరు బురదలో కూర్చుని, తీరా పేరొచ్చే రాయి దగ్గర మిషనుకు అప్పజెబుతారా? రేపు ఎవరి పేరు వేస్తారు, మిషను పేరా? ఊరందరికీ చెప్పుకున్నాను. ఏ మొహంతో తిరగను?"

"వేళ్ళకి తెలియడం లేదే."

"కళ్ళున్నాయి కదా! మైక్రోస్కోపు ఉంది కదా! పది చుట్లకోసారి చూసుకుని చెయ్యండి."

"ఆవిడ పక్కనే కూర్చుంటుంది. ముప్పై ఏళ్ళలో ఒక్కనాడూ లేవనివాణ్ణి పది చుట్లకోసారి లేస్తే ఆవిడకు తెలియదా? అంతకంటే ముందే చెప్పేయడం నయం."

"అయితే లేవకండి. ఎప్పుడూ చేసినట్టే చెయ్యండి. ఇన్ని వేల రాళ్ళు చేశారు, చేతికి అలవాటు ఉండదూ? మీదంతా అనవసరపు భయం."

ఆయన అన్నం సగంలోనే వదిలేశారు. కంచంలో చెయ్యి కడిగేసుకున్నారు. మర్నాడు కాలేజీ నుంచి వచ్చి, "శుక్రవారం పెట్టుకున్నాం" అన్నారు. చెప్పారా అని నేను అడగలేదు. చెప్పలేదని నాకు తెలుసు, నా మాట గెలిచిందని సంతోషించాను కూడా. థూ, నా బతుకు.

శుక్రవారం మధ్యాహ్నం క్యారేజీ ఇచ్చే నెపంతో నేనూ షెడ్డుకు వెళ్ళాను. ఆ ఘనకార్యం కళ్ళారా చూసి వచ్చి వీధిలో చెప్పొద్దూ మరి! మేడమ్ స్టూలు మీద కూర్చుని ఉంది. ఒడిలో రెండు చేతులూ ముడుచుకుని, పరీక్ష ఫలితం కోసం ఎదురుచూసే పిల్లలా ఉంది. నన్ను చూసి పక్కకి జరిగి చోటిచ్చింది. కోత ఉదయమే అయిపోయింది, జిగురు గట్టిపడింది, గరుకు పొడి, మధ్యరకం పొడి కూడా దాటేశారు. మిగిలింది మెత్తపొడి. గాజు పలకకు అంటుకుని పొగాకు రంగులో గోరంత మరక, మధ్యలో దారంలా నల్లచార.

ఆయన తిప్పడం మొదలుపెట్టారు. కరకర చప్పుడు మెల్లగా సన్నబడి, తడి కాగితం మీద చెయ్యి రాసినట్టు వినపడుతోంది. నేను లోలోపల లెక్క పెడుతున్నాను. ముప్పై చుట్లు అయ్యాయి. నలభై అయ్యాయి. ఆయన చెయ్యి ఆగింది. తల ఎత్తి కిటికీ పక్కనున్న మైక్రోస్కోపు వైపు చూశారు, ఆ తర్వాత నా వైపు చూశారు. లేచి చూసుకోనా అని అడిగారు ఆ కళ్ళు. ముప్పై ఏళ్ళ కాపురం, ఆ మాత్రం అర్థం కాదా నాకు?

మేడమ్ గమనించింది. "ఏమైంది మేస్త్రి గారూ?" అంది.

నేను కళ్ళతోనే గద్దించాను. తల అడ్డంగా ఆడించాను. వద్దన్నాను.

"ఏం లేదు మేడమ్" అని ఆయన తల దించుకున్నారు. ఇంకో ఇరవై చుట్లు తిప్పారు. కాస్త ఆగి ఇంకో పది. పలక ఎత్తి, నీళ్ళలో ముంచి, గుడ్డతో తుడిచి, లేచి మైక్రోస్కోపు కింద పెట్టి వంగారు. వంగిన మనిషి లేవలేదు. వెనక నుంచి నాకు ఆయన మెడ మాత్రమే కనపడుతోంది. నాకు తెలిసిపోయింది.

"లేదు మేడమ్" అన్నారు అలా వంగే.

ఆవిడ వెళ్ళి చూసింది. పలక చేతిలోకి తీసుకుని కిటికీ వెలుతురుకు పట్టి చూసింది. ఒక అంచున మాత్రం రాయి ఇంకా పలచగా ఉంది. చార ఉన్న వైపంతా జిగురూ గాజూ. ఒక పక్క ఎక్కువ అరిగిపోయింది. అది వేళ్ళకి తెలియాల్సిన సంగతి. తొట్టిలో బూడిదరంగు నీళ్ళున్నాయి, నూట తొంభై కోట్ల ఏళ్ళు నిలిచింది ఆ నీళ్ళలో కలిసిపోయింది. ఆవిడ తొట్టి వంక కూడా ఒకసారి చూసింది.

"పర్వాలేదు మేస్త్రి గారూ" అంది. "ఎవరి చేతిలోనైనా జరుగుతుంది."

"నా చేతిలో జరగదు మేడమ్" అన్నారు ఆయన.

ఆవిడ కాగితాలు వెనక్కి తీసేసుకుంది. ఒక్క పొరతో అంత పెద్ద మాట చెప్పకూడదని తనే ఆగిపోయింది. పదకొండేళ్ళ పని అలా అటకెక్కింది. వారం తర్వాత ఆయన ఆవిడకు వేళ్ళ సంగతి చెప్పేశారు. ముందే చెప్పాల్సింది, తప్పు నాదే, అన్నారట. నా ఊసు ఎత్తలేదు. ఆవిడ వెంటనే ఆయన్ని డాక్టరుకు చూపించి, ఇక నీళ్ళలో చెయ్యి పెట్టకూడదని చెప్పి, పాత రాళ్ళ పెట్టెలకు చీటీలు అంటించే పనిలో కూర్చోబెట్టింది. ఆయన మంచి కోసమే చేసింది. అది ఇవాళ అంటున్నాను. అప్పుడు మాత్రం చీటీలు అంటించి ఇంటికొచ్చే ఆయన మొహం చూసి నాకు పిచ్చి కోపం వచ్చింది. ఎవరి మీద రావాలో వాళ్ళ మీద రాలేదు.

తిన్నగా కాలేజీకి పోయాను. పదిమంది పిల్లల ముందు ఆవిడ గది గుమ్మంలో నిలబడి దులిపేశాను. "ఒక్క రాయి పోయిందని మనిషిని మూల కూర్చోబెడతారా? ఆయన చేతుల మీద మీరంతా చదువులు వెలగబెట్టలేదూ? వేళ్ళు మొద్దుబారింది మీ తొట్టిలో కాదూ? అయినా చెప్పుకోవడానికి మీరంటే భయం కాబట్టే చెప్పి ఉండరు!"

ఆఖరి మాట ఎందుకన్నానో ఆ దేవుడికే తెలియాలి. అబద్ధమని తెలిసే అన్నాను. ఆవిడ మొహం పాలిపోయింది. నేను గెలిచినట్టు ఇంటికి వచ్చేశాను.

ఆ చలికాలం వెళ్ళేసరికి ఆయనకు దగ్గు మొదలైంది. రాతిపొడి ఊపిరితిత్తుల్లో గట్టిగా పేరుకుపోయిందన్నారు. పద్నాలుగు నెలలు మంచంలో, ఆసుపత్రిలో, మళ్ళీ మంచంలో. కబుర్లు చెప్పడం మానేశారు. మాటకు దగ్గు వస్తుందని కాదు, ఆయన మనసే అటు పోవడం లేదు. నేనే తిప్పలు పడి, "ఆ మింగిన కణం కథ చెప్పండి" అని అడిగేదాన్ని. "నీకు తెలుసుగా" అనేవారు. తెలుసు. కానీ నాకు ఆ మొహంలో వెలుగు కావాలి. అది నేను మళ్ళీ చూడలేదు.

ఒకరోజు ఉండబట్టలేక ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని అనేశాను. "నా వల్లే కదండీ. మీరు లేస్తానంటే వద్దన్నాను."

"వేళ్ళు నావి కదే" అన్నారు. "నీవి కాదుగా."

అటు తిరిగి పడుకున్నారు. తిట్టి ఉంటే ఎంత బాగుండేది. నా మీద ఒక్కసారి అరిచి ఉంటే నేను ఎదురు అరిచి, ఏడ్చి, తేలికపడేదాన్ని. ఆ మనిషికి అరవడం చేతకాదు. రిటైర్మెంటుకు ఐదు నెలలుందనగా ఒక ఉదయం, నేను టీ పెట్టి తెచ్చేసరికి వెళ్ళిపోయారు.

ఆయన పోయిన రోజు మేడమ్ వచ్చి వాకిట్లో నిలబడి వెళ్ళింది. లోపలికి రాలేదు, నేను రమ్మననూ లేదు. మళ్ళీ మూడు నెలలకు వచ్చింది. నేను మిషను మీద ఉన్నాను. వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చిందని, వెళ్ళిపోతున్నానని చెప్పింది. జుట్టు ముందువైపంతా నెరిసిపోయింది. కుర్చీ వేశాను, నీళ్ళిచ్చాను. గ్లాసు పట్టుకుని కూర్చుంది గానీ తాగలేదు.

"ఒకటి అడిగి వెళ్దామని వచ్చాను అక్కా. రెండేళ్ళ నుంచి నాకు మనశ్శాంతి లేదు" అంది. "మేస్త్రి గారు నాకు ఎందుకు చెప్పలేదు? మీరు ఆ రోజు అన్నారు, నేనంటే భయపడి చెప్పలేదని. నేను ఆయన్ని ఎప్పుడైనా కసిరానా? తొందరపెట్టానా? ప్రతి రోజూ వెనక్కి వెళ్ళి వెతుక్కుంటున్నాను. ఏ మాట అన్నానో గుర్తు రావడం లేదు. రాయి పోతే పోయింది. మా నాన్న తర్వాత అంత నమ్మింది ఆయన్నే. ఆయనకు నేను భయపడాల్సిన మనిషినయ్యానంటే తట్టుకోలేకపోతున్నాను. నేనేం చేశానో మీకైనా చెప్పారా?"

ఏమీ చెప్పలేదమ్మా అనేస్తే సరిపోయేది. ఆవిడ ఊరు మారిపోతోంది, ఇక ఎవరూ అడగరు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కానీ ఆవిడ నన్ను చూస్తున్న తీరు చూస్తే, ఈ పిల్ల జీవితాంతం ఇలాగే వెతుక్కుంటుందని అర్థమైంది. ఒక మనిషి అలా కుమిలి కుమిలి పోవడం నేను చూశాను. రెండోసారి నా వల్ల కాలేదు.

"మీరేం చెయ్యలేదమ్మా" అన్నాను. "ఆయన చెప్పేస్తానన్నారు. మిషనుకు పంపమంటానన్నారు. ఏడాదైనా రెండేళ్ళయినా ఆగుదామన్నారు. వద్దన్నది నేను. ఆయన పేరు అచ్చులో పడాలని నాకు ఆశ. ఆ రోజు షెడ్డులో ఆయన ఆగి, లేచి చూసుకుంటానని నన్నే కళ్ళతో అడిగారు. నేనే తల ఆడించాను. మీరు నా పక్కనే ఉన్నారు. మీరంటే ఆయనకు భయమన్నది నేను పుట్టించిన అబద్ధం."

మిషను మీద చెయ్యి వేసుకుని ఇదంతా ఒక్క గుక్కలో చెప్పేశాను. ఆవిడ గోడ మీద ఆయన ఫొటో వైపు చూసింది, నా వైపు చూసింది. గ్లాసు కింద పెట్టింది. కోపంతో అరుస్తుందనుకున్నాను. చెంప పగలగొట్టినా పడదామనుకున్నాను. అలాంటిదేమీ చెయ్యలేదు. లేచి, సంచి భుజాన వేసుకుని, గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"రెండేళ్ళు కాదు అక్కా, ఆయన అడిగితే పదేళ్ళయినా ఆగేదాన్ని" అంది. "ఆ రాయికి తొందరేముంది?"

చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. వీధి మలుపు తిరిగే దాకా చూస్తూ నిలబడ్డాను. పిలుద్దామనుకున్నాను. నా నోరు ఆ ఒక్కసారే పెగల్లేదు.